ఆడపిల్లను లెక్కలోకి తీసుకోని బడి సంస్కరణ

బెజవాడలో నలుగురు చదువుకున్నవాళ్లు కూర్చున్న చోట సర్కారు బడి మాటెత్తితే తీర్పు ముందే సిద్ధంగా ఉంటుంది. "ఎవరు పంపిస్తున్నారండీ ఇప్పుడు? ఇరవై మంది పిల్లలకో బడి, దానికో టీచరు, ఆయనకో పెద్ద జీతం. నాలుగు బడులు కలిపి ఒకటి చేస్తే పీడా పోతుంది." మధ్యలో ఎవరైనా ఆడపిల్లల సంగతేమిటని అడిగితే రెండో తీర్పు వస్తుంది. "వాళ్లకేం లోటండీ? ఏటా టెన్త్‌లో వాళ్లదే పైచేయి. ఇప్పుడు జాలి పడాల్సింది మగపిల్లల మీద."

ఈ రెండు మాటలూ వేర్వేరు సంగతుల మీద అన్నట్టు వినిపిస్తాయి. నిజానికి మొదటిది నిలబడేది రెండోదాని దన్నుతోనే. ఆడపిల్లల సమస్య తీరిపోయిందనుకుంటేనే బడిని కిలోమీటరు అవతలికి జరపడం ఒట్టి ఆఫీసు వ్యవహారంలా కనిపిస్తుంది. తీరలేదని ఒప్పుకుంటే ఆ కిలోమీటరు ఎవరు నడవాలన్న ప్రశ్న వస్తుంది. కృష్ణా డెల్టాలో సర్కారు బడి బాగోగులంటే ముందుగా ఆడపిల్ల బాగోగులు. ఆమె అవసరాల దగ్గర మొదలుపెట్టని మరమ్మతు ఏదీ ఆ బడిని నిలబెట్టదు. మన సంస్కర్తలు పార్టీలకతీతంగా తలకిందులు చేసి చూస్తున్నది దీన్నే.

ఉదయం ఏడున్నర, ఎనిమిది మధ్య బందరు రోడ్డులో కంకిపాడు దగ్గరో ఉయ్యూరు దగ్గరో కాసేపు నిలబడి చూడండి. పసుపుపచ్చ స్కూలు బస్సులు వరసగా ఆగుతాయి. మెడలో టై, భుజాన బరువైన సంచీతో పిల్లలు ఎక్కుతారు. కాలవగట్టు మీద ప్రభుత్వం ఇచ్చిన బ్యాగులు తగిలించుకుని నడిచి వచ్చేవాళ్లు వేరే. రెండు గుంపుల్లోనూ ఆడా మగా ఉంటారు. అయితే ఒకే ఇంటి నుంచి ఒకరు బస్సెక్కి ఒకరు నడిచే చోట, నడిచేది ఎవరో చెప్పడానికి పందెం కాయనక్కర్లేదు. కౌలుకు రెండెకరాలు చేసుకునే ఇంట్లో ఒక్కరికే ఫీజు కట్టే స్తోమత ఉంటే అది కొడుక్కే కడతారు. కొడుకు ఫీజు పెట్టుబడి, కూతురి ఫీజు రేపటి కట్నంలో కోత. ఈ లెక్క పైకి ఎవరూ చెప్పరు, ఇంట్లో అందరికీ తెలుసు.

కంటితో చూసి చెబుతున్న మాటేనని కొట్టిపారేయడానికి లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు మూడు వేల మంది పిల్లల్ని 2002 నుంచి ఏళ్ల తరబడి వెంబడించిన 'యంగ్ లైవ్స్' అధ్యయనం ఉంది. ఎనిమిదేళ్ల పిల్లల్లో ప్రైవేటు బడికి వెళ్లేవాళ్లు 2002లో 24 శాతం, 2009కి 44 శాతం. ఏడేళ్లలో దాదాపు రెట్టింపు. ఆ వెళ్లినవాళ్లలో ఆడపిల్లలు, పల్లె పిల్లలు, పేదింటి పిల్లలు వెనకబడే ఉన్నారని అదే అధ్యయనం చెప్పింది. దేశవ్యాప్తంగా పల్లెల్లో జరిగే 'అసర్' సర్వేల్లోనూ సర్కారు బడిలో ఉండే ఆడపిల్లల శాతం మగపిల్లల శాతం కంటే ఎక్కువే. కాబట్టి "సర్కారు బడికి ఎవరు పంపిస్తున్నారండీ" అన్న ప్రశ్నకు సూటి సమాధానం ఉంది: కూతుళ్లను పంపిస్తున్నారు.

ఇక పైచేయి సంగతి. 2024 పదో తరగతి ఫలితాల్లో బాలికలు 89.17 శాతం, బాలురు 84.32 శాతం పాసయ్యారు. 2025లో బాలికలు 84.09, బాలురు 78.31. ఈ అంకెలు నిజమే, ఎవరూ కాదనరు. కానీ పాస్ శాతం అనేది పరీక్ష హాలు దాకా వచ్చినవాళ్ల లెక్క. ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో ఆగిపోయిన పిల్ల అందులో ఉండదు. పాసైన పిల్ల ఆ తర్వాత ఎటు పోయిందో కూడా అది చెప్పదు. చెప్పే లెక్క వేరే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకుండానే పెళ్లయింది. దేశ సగటు 23.3. టెన్త్‌లో అమ్మాయిలు ముందుంటున్న రాష్ట్రం బాల్యవివాహాల్ని ఆపడంలో దేశం కంటే వెనక ఉంది. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడనంతకాలం మనం సమానత్వం గురించి మాట్లాడుతున్నది ఫలితాలు వచ్చిన రోజు పేపర్లో పడే ఫొటోను బట్టే.

అమ్మాయిలు ఎందుకు బాగా చదువుతారు? సహజంగానే బుద్ధిమంతులని మురిసిపోయేవాళ్లు ఇంట్లో మాటలు వినరు. మగపిల్లవాడు తప్పితే సప్లిమెంటరీ ఉంది, ఐటీఐ ఉంది, మేనమామ మెకానిక్ షెడ్డుంది. ఆడపిల్ల తప్పితే సంబంధాలు చూడటం మొదలవుతుంది. ఒక్క పరీక్షతో తేలిపోయే బతుకు గనక ఆమె ఆ పరీక్షను ప్రాణం పెట్టి రాస్తుంది. భయం తెచ్చిన మార్కుల్ని సమానత్వం ఖాతాలో జమ వేయడం అన్యాయం.

ఆ మార్కులకు విలువ దొరికిన చోట ఏం జరిగిందో మన దగ్గరే నూజివీడులో చూశాం. 2008లో పెట్టిన ట్రిపుల్ ఐటీలో సీటు వచ్చేది పదో తరగతి మార్కుల మీదే, ప్రభుత్వ బడి పిల్లలకు అదనపు వెయిటేజీ కూడా ఉంది. హాస్టలుంది, చదువయ్యేదాకా మధ్యలో ఇంకో ఎంట్రన్సు లేదు. ఇటీవలి ఏళ్ల ఎంపిక జాబితాల్లో అమ్మాయిలే ఎక్కువ. పంపడానికి తల్లిదండ్రులు సిద్ధంగానే ఉన్నారు. ధైర్యంగా పంపదగ్గ చోటు ప్రభుత్వం చూపించాలి, అంతే.

ఇప్పుడు "ప్రైవేటు బడిలో చదువు బాగుంటుంది, అందుకే పోతున్నారు" అనే వాదన. దీన్ని పరీక్షించింది కూడా మన రాష్ట్రంలోనే. 2008 నుంచి నాలుగేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని అయిదు జిల్లాల్లో, 180 పల్లెల్లో లాటరీ తీసి కొంతమంది సర్కారు బడి పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టి పంపారు. లాటరీ తగిలిన పిల్లల్నీ తగలని పిల్లల్నీ కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ పోల్చి చూశారు. నాలుగేళ్ల తర్వాత తెలుగులోగానీ లెక్కల్లోగానీ ఇద్దరికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు, సర్కారు ప్రాథమిక బడిలో అప్పుడు హిందీ దాదాపు లేదు కాబట్టి. బడి మార్చినంత మాత్రాన చదువు పెరిగిపోదని ఇంతకంటే గట్టిగా చెప్పే సాక్ష్యం తెలుగునేల మీద ఇంకోటి లేదు.

ఆ అధ్యయనమే సర్కారు పక్షాన మాట్లాడేవాళ్లకు మింగుడుపడని నిజం ఇంకోటి చెప్పింది. ఆ ఫలితాన్ని ప్రైవేటు బడులు మూడోవంతు కంటే తక్కువ ఖర్చుతో సాధించాయి. బడుల విలీనం కోరేవాళ్లు పట్టుకు వేలాడేది ఈ వాక్యాన్నే. సరే, ఆ చవక ఎక్కడి నుంచి వచ్చింది? డిగ్రీ చదివి, ఊరు దాటి ఉద్యోగానికి పంపించని ఇంట్లో ఉన్న అమ్మాయిని పిలిచి, నెలకు నాలుగు రాళ్లు చేతిలో పెట్టి, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా నిలబెట్టి పాఠం చెప్పించడంలోంచి వచ్చింది. పల్లెల్లో ప్రైవేటు బడి పొదుపు ఆ అమ్మాయి జీతంలో మిగిల్చుకున్న పొదుపు. ఆడదాని శ్రమ చవగ్గా దొరుకుతోంది కాబట్టి చదువు చవగ్గా వస్తోందని సంబరపడి, దాన్నే ప్రభుత్వానికి ఆదర్శంగా చూపించడం ఏ రకం సంస్కరణో చెప్పాలి.

"పిల్లలు లేరు కాబట్టి బడి తీసేయాలి" అనే మాటలో కాలక్రమం తిరగబడి ఉంది. బడి ఖాళీ అయ్యే వరస పల్లెలో ఎవరినడిగినా చెబుతారు. మొదట ఇద్దరు టీచర్లలో ఒకరు బదిలీ అవుతారు, ఆ ఖాళీ నిండదు. మిగిలిన ఒక్కరే అయిదు తరగతులకూ అన్నీ చెప్పాలి, మధ్యాహ్న భోజనం చూసుకోవాలి, ఫోన్లో యాప్‌లు నింపాలి. ఆయనకో ఆమెకో మండలంలో మీటింగో ట్రైనింగో పడిన రోజు బడికి తాళం, లేదా పక్క ఊరి నుంచి సర్దుబాటు టీచరు. ఇది చూసిన తండ్రి ముందు కొడుకును తీసేస్తాడు. కూతురు ఇంకో రెండేళ్లు అక్కడే ఉంటుంది. ముప్పై పద్దెనిమిది అవుతుంది, పద్దెనిమిది పన్నెండు అవుతుంది. అప్పుడు విజయవాడలోనో అమరావతిలోనో ఎవరో కంప్యూటర్లో ఆ పన్నెండు అంకె చూసి "వయబుల్ కాదు" అని రాస్తారు. 2024-25 కేంద్ర విద్యాశాఖ లెక్కల్లో దేశంలో ఏకోపాధ్యాయ బడులు ఎక్కువగా ఉన్న రాష్ట్రం మనదే, 12 వేలకు పైగా. విద్యాహక్కు చట్టం అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక బడికి కనీసం ఇద్దరు టీచర్లుండాలంటుంది. చట్టం చెప్పిన రెండో టీచర్ని ఇవ్వకుండా, పిల్లలు తగ్గారని బడిని శిక్షించడం మన పద్ధతి అయింది.

2022 జూన్‌లో వచ్చిన 117 జీవో ఈ పద్ధతికి పరాకాష్ఠ. కిలోమీటరు లోపు హైస్కూలుంటే ప్రాథమిక బడిలోని మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని అక్కడికి తరలించమంది. మూడో తరగతి నుంచే సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్నది దాని వాదన. కాగితం మీద కాదనలేని వాదనే. జూలైలో బడులు తెరవగానే చాలాచోట్ల తల్లులు పిల్లల్ని వెంటపెట్టుకుని రోడ్డెక్కారు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది, 2025లో ఆ జీవో పోయింది, తరగతికో టీచరుండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు వచ్చాయి. తరగతికో టీచరు అన్నది మంచి నిర్ణయం, మెచ్చుకోవాలి. అయితే ఆ మోడల్ బడి నిండటానికి పక్క బడుల నుంచి పై తరగతుల పిల్లల్ని తీసుకొచ్చే పద్ధతి మాత్రం పోలేదు. జీవో నంబరు మారింది, ఆలోచన మారలేదు. నడవాల్సిన పిల్లలూ మారలేదు.

కిలోమీటరేగా అంటారు. డెల్టాలో కిలోమీటరు అంటే ఏమిటో మ్యాపులో గీత గీసినవాళ్లకు తెలియదు. మధ్యలో పంట కాలవ ఉంటుంది, దాని మీద వంతెన అర కిలోమీటరు ఎగువనో దిగువనో ఉంటుంది. గట్టు రోడ్డుకు ఒక పక్క నిండుగా పారే నీళ్లు, ఇంకో పక్క మనిషి ఎత్తు పెరిగిన చెరుకు. వానాకాలం నల్లరేగడి మట్టి చెప్పును వదలదు. దారిలో ఒక వైన్ షాపు, దాని ముందు పొద్దున్నే చేరే గుంపు. ఎనిమిదేళ్ల కొడుకును ఆ దారిన పంపే తల్లి కూడా కూతురి విషయానికి వచ్చేసరికి నాలుగుసార్లు ఆలోచిస్తుంది. పదమూడు నిండిన కూతురైతే ఆలోచన కూడా ఉండదు.

ఇంకో సంగతి చూడండి. ఊళ్లో బడి ఒక్కటిగా ఉన్నప్పుడు నాలుగో తరగతి అక్క ఒకటో తరగతి తమ్ముడి చెయ్యి పట్టుకుని వెళ్లేది. పక్కనే అంగన్‌వాడీ ఉంటే చంటిదాన్ని అక్కడ దింపేది. తల్లి ఊడుపులకు వెళ్లినా ఇల్లు సాగిపోయేది. అక్క తరగతిని హైస్కూలుకు తరలించేసరికి తమ్ముడు ఒక దిక్కు, అక్క ఒక దిక్కు. తల్లి నాట్లకు వెళ్లాల్సిన జూలై, ఆగస్టుల్లో తమ్ముణ్ని దింపి, తెచ్చి, చంటిదాన్ని చూసే పని ఎవరి మీద పడుతుంది? అక్క మీదే. వారానికి రెండు రోజులు ఆగిపోతుంది, తర్వాత నాలుగు రోజులు. హాజరు పట్టీలో అది "అనారోగ్యం" అవుతుంది. సబ్జెక్టు టీచరు దొరికాడు గానీ, పాఠం వినాల్సిన పిల్ల చంటిదాన్ని ఎత్తుకుని ఇంట్లో ఉంది.

ఇదంతా మనవాళ్లకు తెలియక కాదు. బెజవాడ విద్యావ్యాపారానికి ఇది మొదటి రోజు నుంచీ తెలుసు. శ్రీచైతన్య 1986లో ఈ ఊళ్లో మొదలైంది బాలికల జూనియర్ కళాశాలగానే. కూతుర్ని చదివించాలని ఉండి పంపడానికి జంకే తండ్రికి కావలసింది భద్రత అని, దానికి ఆయన డబ్బు కూడా కడతాడని మార్కెట్ నలభై ఏళ్ల కిందటే కనిపెట్టింది. గొల్లపూడి, పోరంకి, కానూరు పరిసరాల్లో లేచిన హాస్టళ్లలో సగం కథ ఆ ఒక్క గ్రహింపే. ఆ హాస్టళ్ల లోపల పిల్లలు పడే పాట్లు వేరే వ్యాసం. డబ్బున్న తండ్రికి అమ్మగలిగిన భద్రతను డబ్బు లేని తండ్రికి ఇవ్వాల్సింది ప్రభుత్వం. అది చేస్తున్నదేమిటంటే, ఉన్న బడిని దూరం జరపడం.

ఒకసారి సరైన దిక్కుకే అడుగువేసి మధ్యలో వదిలేశారు. 2022లో రాష్ట్రంలో 292 హైస్కూళ్లను హైస్కూల్ ప్లస్ పేరుతో బాలికల ఇంటర్ కాలేజీలుగా మార్చారు. పది పాసైన అమ్మాయి తన మండలంలోనే, తనకు తెలిసిన బడిలోనే ఇంటర్ చదువుకోవచ్చు. ఆలోచన బంగారం. కానీ కొత్తగా లెక్చరర్లను తీసుకోకుండా ఉన్న స్కూల్ అసిస్టెంట్లనే ఇంటర్ చెప్పమన్నారు, ల్యాబుల సంగతి దేవుడెరుగు. ఫలితాలు పేలవంగా వచ్చాయి. వెంటనే "అమ్మాయిలకు ప్రత్యేక కాలేజీలు పెట్టినా ప్రయోజనం లేదు" అన్న తీర్పు సిద్ధమైంది. సగం కట్టిన వంతెన మీద ఎవరూ నడవలేదని వంతెనలే దండగ అన్నట్టుంది ఈ తర్కం.

మరుగుదొడ్ల విషయమూ అంతే. 2019 నవంబరులో మొదలైన నాడు-నేడు తొలి దశలో 15,715 బడులను బాగుచేశారు. నీటి వసతి ఉన్న మరుగుదొడ్లు పనుల జాబితాలో మొదట్లోనే ఉన్నాయి. ఆ మార్పు కళ్లకు కనిపించింది, కాదంటే అబద్ధం. కోవిడ్ తర్వాత మన పల్లెల్లో సర్కారు బడి పిల్లల వాటా 2018లోని 63 శాతం నుంచి 2022కి సుమారు 71 శాతానికి పెరిగిందని అసర్ చెప్పింది. చేతిలో డబ్బు ఆడకపోవడం ఒక కారణమైతే, బడి బాగుపడటం మరో కారణం. తర్వాత పర్యవేక్షణ మొత్తం యాప్‌కు అప్పజెప్పారు. హెడ్మాస్టరు పొద్దున్నే మరుగుదొడ్డి ఫొటో తీసి ఎక్కించాల్సి వచ్చేది. ఫొటోలో టైల్సు తళతళలాడేవి. తలుపుకు లోపలి గడియ ఊడిపోయిన సంగతి ఫొటోలో పడేది కాదు. మోటారు కాలిపోయి ట్యాంకు ఎండిన సంగతి, వాడిన నాప్‌కిన్ వేయడానికి మూత ఉన్న డబ్బా లేని సంగతి, మురికి చేస్తారని రెండు గదుల్లో ఒకదానికి తాళం వేసి చెవి స్టాఫ్ రూము సొరుగులో పెట్టుకున్న సంగతి ఏవీ పడేవి కావు. ఆ చెవి కోసం మగ టీచర్ని అడగలేక మధ్యాహ్నమే ఇంటికి వెళ్లిపోయే తొమ్మిదో తరగతి పిల్లను ఏ యాప్ పట్టుకుంటుంది? 2021 అక్టోబరులో 'స్వేచ్ఛ' పథకం కింద ఏడు నుంచి ఇంటర్ దాకా ఆడపిల్లలకు నెలకు పది నాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఇచ్చింది మార్చుకోవడానికి గడియ ఉన్న గది కూడా ఆ పథకంలో భాగమే కావాలి కదా.

ఆ గదులు కడిగే ఆయాకు నెలకు ఇచ్చింది ఆరు వేలు. బడిలో వంట చేసే మహిళకు గౌరవ వేతనం మూడు వేలు. భోజన పథకం పేరు ప్రభుత్వాన్ని బట్టి మారుతుంది, ఇప్పుడు దానికి అన్నదాతగా చరిత్రకెక్కిన డొక్కా సీతమ్మ పేరు. వండే ఆడవాళ్ల కూలికి మాత్రం ఆ గౌరవం దక్కలేదు. ఆడపిల్లల సాధికారత మీద వ్యాసరచన పోటీ జరిగే ఆవరణలోనే, వాళ్ల అమ్మలు రోజుకు వంద రూపాయల కూలికి కట్టెల పొగలో వండుతున్నారు. పిల్లలు ఏ పాఠం నేర్చుకుంటారో వేరే చెప్పాలా?

బడిలో పుస్తకం లేకుండా నేర్పే పాఠాలు ఇంకా ఉన్నాయి. ఆగస్టు పదిహేనుకు ముందు రోజు ఏ హైస్కూలుకైనా వెళ్లండి. వరండా ఊడ్చేదీ ముగ్గు పెట్టేదీ ఆడపిల్లలు. బెంచీలు మోసేదీ మైకు బిగించేదీ మగపిల్లలు. అతిథికి పూలగుచ్ఛం ఇచ్చేది అమ్మాయి, అతిథి పక్కన నిలబడి సాంకేతిక వివరాలు చెప్పేది అబ్బాయి. దీనికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. హెడ్మాస్టరు ఒక్కమాట అంటే రేపటి నుంచి మారుతుంది. పైసా ఖర్చు లేని ఈ సంస్కరణ ఏ సంస్కర్త జాబితాలోనూ ఉండదు.

ఇంకా పెద్ద తేడా తెచ్చేది ఆడ టీచరు. ఇదీ మన దగ్గరే కొలిచి తేల్చిన మాట. కార్తీక్ మురళీధరన్, కేతకీ శేఠ్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక బడుల నుంచి అయిదేళ్లు సేకరించిన మార్కుల్ని విశ్లేషించారు. టీచరమ్మ చెప్పిన తరగతిలో ఆడపిల్లల చదువు మెరుగైంది, మగపిల్లలకు నష్టమేమీ జరగలేదు. "ఆడపిల్లల కోసం చేస్తే మగపిల్లలు దెబ్బతింటారు" అనేవాళ్లకు ఇది చాలు. అయినా బదిలీల్లో, పోస్టుల సర్దుబాటులో ఈ బడిలో ఒక్క టీచరమ్మయినా ఉందా అన్న ప్రశ్న ఎవరూ అడగరు. 2025 మెగా డీఎస్సీతో 16 వేలకు పైగా పోస్టులు భర్తీకి పెట్టారు. ఆ కొత్త నియామకాల్లో హైస్కూలు లెక్కలు, సైన్సు చెప్పేందుకు పల్లెకు ఎంతమంది ఆడవాళ్లు వెళ్లారన్నది చూడాల్సిన లెక్క. లెక్కల మాస్టారి స్థానంలో లెక్కల టీచరమ్మను ఆరో తరగతి నుంచి చూసిన అమ్మాయికి ఇంటర్‌లో ఎంపీసీ గురించి ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

"డబ్బు తల్లి చేతికే ఇస్తున్నాం కదా, ఇంకేం చేయాలి?" అనే వాదన మిగిలింది. 2020 జనవరిలో అమ్మ ఒడి కింద తల్లికి ఏటా 15 వేలు ఇవ్వడం మొదలైంది. 2025 జూన్‌లో తల్లికి వందనం దాన్ని ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ పెంచింది. తల్లి ఖాతాలో డబ్బు పడటం మంచిదే, ముమ్మాటికీ. అయితే ఆ డబ్బు ప్రైవేటు బడి పిల్లలకూ వస్తుంది. కొడుకు ఫీజుకు అది ఊతమవుతుంది, సర్కారు బడి నుంచి అతను వెళ్లిపోయే దారిని ప్రభుత్వమే చదును చేస్తుంది. కూతురు మిగిలిన బడికి కావలసిన రెండో టీచర్ని, గడియను, దగ్గరితనాన్ని తల్లి పదిహేను వేలతో బజార్లో కొనలేదు. అవి ప్రభుత్వం మాత్రమే ఇవ్వగలిగినవి. ఇంటికి డబ్బు పంపి బడి బాధ్యత తీరిపోయిందనుకోవడం తప్పించుకోవడమే.

తల్లికి డబ్బు ఇచ్చినంత సులభంగా అధికారం ఇచ్చారా? విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో సగం మంది ఆడవాళ్లుండాలి. 2024 ఆగస్టులో రాష్ట్రమంతా ఆ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. పేర్లు రాశారు. మీటింగు మాత్రం పగలు పదకొండు గంటలకు పెడతారు, ఆమె మినపచేలో కాయ కోసుకునే వేళకు. ఆమె బదులు భర్త వస్తాడు, లేదా రిజిస్టరు ఇంటికి వెళ్లి సంతకం తెచ్చుకుంటుంది. మీటింగు సాయంత్రం ఆరింటికి పెట్టి, బడి ఖర్చు లెక్క గట్టిగా తెలుగులో చదివి, మరుగుదొడ్డి తనిఖీని ఆ తల్లుల చేతికిస్తే నెల తిరక్కుండా గడియలు వచ్చి బిగుస్తాయి. తన కూతురు వాడే గదిని తల్లి చూసినంత నిశితంగా ఏ ఫొటో చూడదు.

"ఇరవై మంది పిల్లలకు ఇద్దరు టీచర్లను పెడితే ఖజానా ఏమైపోవాలి?" అని చివరి అస్త్రం తీస్తారు. లెక్కే కావాలంటే పూర్తి లెక్క వేద్దాం. పదిహేనేళ్లకు బడి మానేసిన పిల్ల, పదిహేడుకు పెళ్లి, పద్దెనిమిదికి రక్తం చాలని కాన్పు, జీవితాంతం కూలి పని: ఇవన్నీ కూడా రాష్ట్రం మోసే ఖర్చులే, వేరే పద్దుల కింద. కాలవ ఆయకట్టు చివరి ఎకరాకు నీళ్లందించడానికి ఎంతైనా ఖర్చు పెట్టొచ్చని ఈ డెల్టా ఎప్పుడూ వాదిస్తూ వచ్చింది. 1855లో ఆనకట్ట కట్టిన నాటి నుంచీ చివరి భూముల రైతు కోసం ధర్నాలు చేస్తూనే ఉన్నాం. చివరి ఇంటి ఆడపిల్లకు బడి అందించే ఖర్చు దగ్గరికి వచ్చేసరికే మనకు పొదుపు గుర్తొస్తోంది.

కాబట్టి కోరవలసినవి సూటిగా కోరదాం. ఏ బడినైనా తరలించే ముందు ఆ దారిని తల్లుల కమిటీ నడిచి చూసి ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు లేకుండా తరలింపు చెల్లకూడదు. ప్రతి ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లు, వాళ్లలో ఒకరు మహిళ. అంగన్‌వాడీ, ప్రాథమిక బడి ఒకే ఆవరణలో. ప్రతి మండలంలో అమ్మాయిలకు పూర్తిస్థాయి లెక్చరర్లతో ఇంటర్. 2025 ఆగస్టు పదిహేను నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం చేశారు కదా, ఆ బస్సు బడి గంటల వేళకు లోపలి పల్లెలకూ రావాలి. టికెట్టు లేని బస్సు ఊరికే రాకపోతే ఎవరికి ఉపయోగం?

వీటన్నిటికంటే ముందు ఒక్క పని చేయాలి. గత కొన్నేళ్లలో కలిపేసిన ప్రతి బడి పేరూ పెట్టి, అక్కడున్న ఆడపిల్లలు ఎంతమంది, వాళ్లలో కొత్త బడిలో చేరినవాళ్లు ఎంతమంది, ఏడాది తర్వాత ఇంకా చదువుతున్నవాళ్లు ఎంతమంది అన్నది మండలాలవారీగా ప్రకటించాలి. ప్రతి పిల్లకూ ఒక గుర్తింపు సంఖ్య ఉంది, రోజూ హాజరు యాప్‌లో పడుతోంది, కాబట్టి ఇది విద్యాశాఖకు ఒక పూట పని. ఆ లెక్క బయటపెట్టేదాకా విలీనాన్ని సంస్కరణ అనే హక్కు ఏ మంత్రికీ, ఏ నిపుణుడికీ, బందరు రోడ్డు కబుర్ల మేధావికీ లేదు.